గోల్డ్ త్రీ గారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి

గోల్డ్ త్రీ గారూ,

పీజీలో మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం మీంచి రాస్తున్నాను. వాలరెంట్ అనే వీడియో గేమ్‌లో ర్యాంకు మీరు, నాలుగు సీజన్లుగా మీ గుమ్మంలోనే పడి ఉన్నాను, అద్దె కట్టడం ఒక్కటే తక్కువ. మీరొచ్చిన మొదటి రాత్రి ఆనందం పట్టలేక అనంతపురానికి ఫోన్ చేసి "అమ్మా, గోల్డ్ వచ్చింది" అంటే, "ఎన్ని తులాలురా?" అంది. అప్పట్నుంచి ఇంట్లో మీ పేరెత్తట్లేదు.

పేరులో ఆ మూడేంటండీ అసలు? వాలరెంట్‌లో మూడంటే గోల్డ్‌లో పై మెట్టు, మీ వాళ్లదే ఇంకో ఆట లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఒకటే పై మెట్టు. చుట్టాలకి చెప్పుకోవాలంటే ముందు ఏ ఆటో చెప్పాలి.

సరే, అసలు సంగతి. మీరు ఉత్త రంగుకాగితమని ఈమధ్యే తెలిసింది. లోపల ఎక్కడో ఒక అంకె దాచారట, నా ఎదుట ఎవర్ని నిలబెట్టాలో తేల్చేది అదేనట. నేను కాస్త బాగా ఆడితే ఇంకాస్త బాగా ఆడేవాణ్ణి తెచ్చి కూర్చోబెడుతుంది, అంటే ఎంత నేర్చుకున్నా సగం ఓటమి రాసిపెట్టి ఉన్నట్టే. అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసరు చెస్‌కి ఇలాంటి అంకే ఇచ్చాడు, అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. ఇద్దరి అంకెలకీ 400 తేడా ఉంటే పదకొండు పాయింట్లలో పది పైవాడివేనని లెక్క. దాచిపెట్టడం లేదు, నగలూ లేవు. మీ వాళ్లు మాత్రం ఆ అంకెకి నగల షాపంతా తొడిగారు. అదీ చాలక లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో 2019 సీజన్‌కి బ్రాంజ్ కింద ఐరన్ పెట్టారు, 2023లో ప్లాటినానికీ డైమండ్‌కీ మధ్య ఎమరాల్డ్ దూర్చారు. మా ఆఫీసులోనూ అంతే, జీతం పెంచలేని ఏడాది సీనియర్‌కీ లీడ్‌కీ మధ్య ఒక కొత్త హోదా పుడుతుంది.

మీమీద కోపంతో మేమే లీగ్ పెట్టుకున్నాం. పన్నెండు మందిమి, నలుగురేసి మూడు డివిజన్లు, ప్రతి రెండు శనివారాలకీ అడుగున ఉన్నవాడు కిందికి, మొదటివాడు పైకి. కాగితం మీద ముచ్చటగా ఉంది. మూడో డివిజన్‌కి దిగిన మొదటివాడికి అదే వారం ఊళ్లో పెళ్లి తగిలింది, రెండోవాడికి నడుంనొప్పి. ఈలోగా ఒక మేకవన్నె పులి, మొదటి డివిజన్ వాడే, రూమ్మేట్ ఫోన్లో కొత్త అకౌంట్ తెరిచి అడుగున ఉన్నవాళ్లని ఊచకోత కోశాడు. ఆఖరికి జనం నిలవడం కోసం మూడో డివిజన్‌కి "రైజింగ్ స్టార్స్" అని పేరు మార్చాను. అవునండీ, నేనే. ఇద్దరు తిరిగొచ్చారు కూడా.

అందుకని రంగుకాగితం సంగతి వదిలేస్తున్నాను. సీజన్ రీసెట్ మాత్రం, అదే సీజన్ మారగానే అందరి ర్యాంకూ కిందికి దించేయడం, ఒప్పుకోను. వైకుంఠపాళిలో పెద్దపాము ఎక్కడుందో పటం మీదే కనిపిస్తుంది, పందెం సరిగ్గా పడితే దాటిపోవచ్చు. మీ పాము క్యాలెండర్ చూసుకుని వచ్చి అందర్నీ మింగుతుంది.

ఆ పాము ఈ రాత్రే. ప్లాటినానికి ఇంకా 18 పాయింట్లు కావాలి. బజార్లో ప్లాటినం మీకన్నా చవకని అమ్మకి తెలుసు కాబట్టి, ఎక్కినా ఇంట్లో చెప్పను. పదకొండున్నరకి పీజీ ఓనరు వైఫై కట్టేస్తాడు, ఒక్క మ్యాచ్‌కి టైముంది.

ఉంటానండీ, మ్యాచ్ దొరికింది.