సోషల్ వర్కర్‌కు అందని నైతిక పరిశోధన

ఒంటరిగా ఉంటున్న పెద్దాయన పొయ్యి ఆపడం మర్చిపోతుంటాడు, ఇప్పటికే ఒకసారి కర్టెన్ అంటుకుంది, అయినా ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ రానంటాడు. ఆయన మాటకు విలువివ్వాలా, ప్రాణానికా? సోషల్ వర్కర్ దగ్గరున్న నియమావళి రెండూ ముఖ్యమే అంటుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, చిక్కంతా అక్కడే కదా.

అంతర్జాతీయ సోషల్ వర్కర్ల సమాఖ్య 2018లో ఆమోదించిన నైతిక ప్రకటనలో 9 సూత్రాలున్నాయి. మనిషి గౌరవం, సొంత నిర్ణయం తీసుకునే హక్కు, గోప్యత, చివరికి సోషల్ మీడియా వాడకం కూడా. మంచి పత్రమే. కానీ రెండు సూత్రాలు ఒకదానికొకటి అడ్డం వచ్చిన కేసులో ఎటు మొగ్గాలో అది చెప్పదు, ఏ నియమావళీ చెప్పలేదు. అక్కడ అక్కరకొచ్చేది పరిశోధన: ఇలాంటి కేసుల్లో ఇంతకుముందు ఎవరు ఎలా ఆలోచించారు, ఏది వికటించింది, ఏ ప్రశ్న ముందే అడిగి ఉండాల్సింది. ఈ విషయాలకే ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ జర్నల్ 2007 నుంచి నడుస్తోంది కూడా. చదివేది మాత్రం ఎక్కువగా ప్రొఫెసర్లే.

కారణం వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. చదువు అయిపోగానే యూనివర్సిటీ లైబ్రరీ లాగిన్ పోతుంది, ఒక్క వ్యాసం కొనాలన్నా సొంత జేబు తడుముకోవాలి. ఫ్రీగా దొరికినా సగం పేజీలు పాత సిద్ధాంతాలతో తగువుకే సరిపోతాయి. రోజంతా హోమ్ విజిట్లు చేసి, రాత్రి కేసు ఫైళ్లు రాసుకునే మనిషి ఇవి చదవడం లేదంటే అది బద్ధకం అనేవాళ్లతో మాకు పేచీ ఉంది.

వేరేలా చేయొచ్చని 2020లోనే తేలింది. కోవిడ్ వేళ డర్హమ్ యూనివర్సిటీకి చెందిన సారా బ్యాంక్స్ తదితరులు ఆ సమాఖ్యతో కలిసి, మీకు ఎదురైన నైతిక సమస్యలేంటో చెప్పండని సోషల్ వర్కర్లనే అడిగారు. 54 దేశాల నుంచి 607 మంది రాశారు. ఇంట్లో పక్కనే ఎవరో వింటుండగా ఫోన్‌లో గోప్యత ఎలా, వెళ్లొద్దన్న నిబంధన ఉన్నా ఆ ఇంటికి వెళ్లాలా వద్దా... ఇలాంటివి. ప్రశ్న వాళ్లది కాబట్టే జవాబు వాళ్లకు పనికొస్తుంది.

అలాగని పరిశోధనను పది పాయింట్ల చెక్‌లిస్టుగా నలిపి వాట్సాప్‌లో పంపితే సరిపోదు. టిక్కులు ఆఫీసును కాపాడతాయేమో గానీ, ఆ పెద్దాయన్ని కాదు. కావాల్సింది నాలుగు పేజీల్లో ఒక కేసు, వివరాలు మార్చి, రెండు వైపుల వాదనలతో, తీసుకున్న నిర్ణయం తర్వాత ఏం జరిగిందో దాచకుండా. దాని మీద సూపర్‌వైజర్‌తో కూర్చుని మాట్లాడుకోవాలి, అదీ డ్యూటీ టైమ్‌లోనే. (ఆదివారం వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్ చేతిలో పెట్టే ముచ్చట ఇక చాలు.)

పరిశోధనకు డబ్బిచ్చే సంస్థలు ఒక షరతు పెట్టాలని మేం కోరుతున్నాం: అందరూ ఉచితంగా చదవగలిగే అలాంటి నాలుగు పేజీల కేసు పత్రం, పనిచేసేవాళ్ల భాషలో వచ్చేదాకా చివరి విడత నిధులు ఆపాలి. ప్రశ్నలు తయారుచేసే దశ నుంచే సోషల్ వర్కర్లను కూర్చోబెట్టి, ఆ సమయానికి వాళ్లకు డబ్బు చెల్లించాలి. ఇక యాజమాన్యాలు... చర్చకు గంట ఇచ్చామని చెప్పి కేసుల లోడు అలాగే ఉంచితే, ఆ గంట కూడా ఫైళ్లకే పోతుంది.