వర్క్ ఫ్రమ్ హోమ్: ముందు కుర్చీ, కరెంటు.. తర్వాతే మిగతావి

ఇంటి నుంచి పని అనగానే కొత్త ల్యాప్‌టాప్, వెబ్‌క్యామ్, చూడ్డానికి బాగుండే టేబుల్ వచ్చేస్తాయి. కుర్చీ మాత్రం డైనింగ్ టేబుల్ దగ్గరిదే. రౌటర్‌కు బ్యాకప్ ఊసే ఉండదు. పని దెబ్బతినేది ఈ రెంటి దగ్గరే కాబట్టి, చేతిలో ఉన్న డబ్బు ముందు వీటికే పెట్టాలి.

కుర్చీ కన్నా ముందు టేబుల్ ఎత్తు కొలవండి. మామూలుగా అది 75 సెంటీమీటర్లు ఉంటుంది. అయిదున్నర అడుగుల లోపు మనిషి పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే మోచెయ్యి 65 సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. ఆ పది సెంటీమీటర్ల తేడా వల్ల రోజంతా భుజాలు ఎగదీసి టైప్ చేస్తారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కుర్చీని పైకి లేపి, లేపినంత ఎత్తున్న పీట కాళ్ల కింద వేసుకుంటే సరి. దానికి ఫుట్‌రెస్ట్ కొనక్కర్లేదు.

కుర్చీలో చూడాల్సింది సీటు లోతు. వీపు ఆనించి కూర్చున్నప్పుడు మోకాలి వెనక రెండు మూడు వేళ్లు పట్టే సందు ఉండాలి. లోతు ఎక్కువైతే ముందుకు జారి కూర్చుంటారు, నడుముకిచ్చిన సపోర్ట్ కాస్తా వృథా. గేమింగ్ చైర్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది: మన ఎండలకు ఆ రెగ్జిన్ వీపుకు అతుక్కుంటుంది, తర్వాత పెచ్చులూడుతుంది. మెష్ నయం.

మానిటర్ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చాలు. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాల్లో తీసుకుంటే అక్షరాలు బరకగా కనిపిస్తాయి. టైప్-సి కేబుల్‌తో కలపాలనుకుంటే, ల్యాప్‌టాప్‌లోని ఆ పోర్టు డిస్‌ప్లే ఇస్తుందో లేదో ముందే చూసుకోండి, అన్నీ ఇవ్వవు.

ఇక కరెంటు. ఇన్వర్టర్ ఉంటే, చాలా మోడళ్లలో యూపీఎస్, నార్మల్ అని ఒక స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు మారే ఆ క్షణంలోనే డెస్క్‌టాప్ రీస్టార్ట్ కావచ్చు. చాలామంది ఇన్వర్టర్ పాడైందనుకుంటారు గానీ, ఆ స్విచ్‌ను యూపీఎస్ వైపు తిప్పితే సరి.

ఇన్వర్టర్ లేకపోతే రౌటర్‌కు మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా రౌటర్‌ను నడిపే చిన్న బ్యాటరీ డబ్బా. ఇక్కడ అంకెలతో బోల్తా పడతారు. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది, రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని. పది గంటలు వస్తుందని లెక్కేస్తారు. ఆ ఎంఏహెచ్ లోపలున్న 3.7 వోల్టుల సెల్స్‌ది. 10,000 ఎంఏహెచ్ అంటే 10 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7తో గుణిస్తే మొత్తం 37 వాట్ అవర్లు. రౌటర్ 10 నుంచి 12 వాట్లు లాగితే, మార్పిడిలో పోయేది తీసేశాక రెండున్నర, మూడు గంటలే. వోల్టేజీ కూడా సరిచూడాలి: 9 వోల్టుల రౌటర్‌కు 12 తగిలిస్తే కాలిపోవచ్చు.

ఇంత చేసినా కరెంటు పోగానే నెట్ పోవచ్చు. కొన్నిచోట్ల కేబుల్ ఆపరేటర్ నెట్‌వర్క్ స్విచ్, అంటే ఇళ్లకు నెట్ పంచే డబ్బా, అపార్ట్‌మెంట్ మెట్ల కిందో, వీధి స్తంభం మీదో ఉంటుంది, దానికి బ్యాకప్ ఉండదు. రౌటర్ వెలుగుతూనే ఉండి నెట్ రాకపోతే ముందు అనుమానించాల్సింది ఆ స్విచ్‌నే. అలాంటి చోట ఇంకో పెద్ద యూపీఎస్ కొనడం దండగ. ఆపరేటర్‌తో బ్యాటరీ పెట్టించాలి, లేదంటే ఫోన్‌లో హాట్‌స్పాట్ కోసం ఆ ఇంట్లో సిగ్నల్ బాగా అందే సిమ్ ఒకటి వేసుకోవాలి.