ముందు గుంత పూడ్చండి, తర్వాత నంబర్ మార్చండి

మరికొన్ని రాష్ట్ర రహదారులకు జాతీయ హోదా ఇవ్వాలంటూ ప్రతిపాదనలు మళ్లీ దిల్లీకి కదులుతున్నాయి. జిల్లా కేంద్రాలను కలిపే పెద్ద రోడ్లన్నీ వెడల్పు కావాలని, వాటి నంబర్లూ ఒక వరసలో ఉండాలని మేమూ కోరుకుంటున్నాం. మా భయమల్లా ఒక్కటే: మన దగ్గర నంబర్ ముందొస్తుంది, రోడ్డు ఎప్పటికో వస్తుంది.

2010లో దేశమంతటా జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. ఉత్తర దక్షిణాలుగా సాగే వాటికి సరి సంఖ్య, తూర్పు పడమరలుగా సాగే వాటికి బేసి సంఖ్య. చెన్నై నుంచి కోల్‌కతా వైపు వెళ్లే 5 కాస్తా 16 అయింది, హైదరాబాద్-విజయవాడ 9 పోయి 65 వచ్చింది, కర్నూలు-కడప-చిత్తూరు 18 ఇప్పుడు 40. పద్ధతి మంచిదే, కాదనం. కానీ పదిహేనేళ్లు దాటినా విజయవాడ రోడ్డును ఎన్‌హెచ్-9 అనేవాళ్లు ఇంకా ఎందరో. ప్రమాదం జరిగి 108కి ఫోన్ చేసే మనిషి ఏ నంబర్ చెప్పాలో తెలియక తడుముకునే పరిస్థితి ఉండకూడదు కదా.

అసలు దెబ్బ, జాతీయ హోదాకు కేంద్రం ముందుగా చెప్పే 'సూత్రప్రాయ అంగీకారం' దగ్గర తగులుతోంది. ఆ మాట రాగానే ఇక అది కేంద్రం రోడ్డని రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్‌అండ్‌బీ) చేతులు దులుపుకుంటుంది. గెజిట్ రాలేదు, డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) తేలలేదు, పైసా ఇవ్వలేమని కేంద్రం అంటుంది. ఈ మధ్యలో రెండు వానాకాలాలు గడిస్తే చాలు, తారు లేచి కంకర తేలుతుంది, నీళ్లు నిలిచిన గుంత లోతు తెలియక బైక్ మీద వచ్చే మనిషి పడిపోతాడు. పక్కనే కిలోమీటరు రాయి. రాష్ట్ర రహదారైతే దాని నెత్తిన ఆకుపచ్చ రంగు, జాతీయ రహదారైతే పసుపు. ఆ రంగు మార్చడానికి ఒక్క పూట చాలు. గుంత మాత్రం అక్కడే ఉంటుంది.

హోదా వస్తేనే కేంద్ర నిధులు, రాష్ట్రం దగ్గర డబ్బెక్కడిది అంటారు అధికారులు. ఒప్పుకుంటాం. అంతవరకు ప్యాచ్‌వర్క్ కూడా ఆపేయమని ఎవరు చెప్పారు? నంబర్ మారబోతోందన్న సాకుతో ఒక రోడ్డును వదిలేస్తే, రేపు జాబితాకెక్కే ప్రతి రోడ్డుకూ అదే గతి.

ప్రతిపాదన పంపేటప్పుడే, అప్పగించే రోజు దాకా మరమ్మతు ఎవరిది, డబ్బు ఏ పద్దు నుంచి ఇస్తారు అన్నది కాగితం మీద తేల్చాలి. అది తేలకుండానే 'జాతీయ రహదారి సాధించాం' అని నాయకులు ఫ్లెక్సీలు కట్టుకోవడం సిగ్గుచేటు. ఆ ఫ్లెక్సీ ఎదురుగానే గుంత ఉంది, ముందు అది పూడ్పించండి.