లీటరు కాని లీటరు ప్యాకెట్

బ్రాడీపేటలోనైనా పటమటలోనైనా కొట్టుకెళ్లి "అన్నా, లీటరు నూనె ప్యాకెట్" అంటాం. చేతిలో పెట్టేది చాలాసార్లు 850 గ్రాములది. అసలు లీటరు వంటనూనె తూగేది సుమారు 910 గ్రాములు. కవరు అదే సైజు, అదే రంగు, అదే పొద్దుతిరుగుడు పువ్వు. ఆ 60 గ్రాములే మాయం!

చట్టాన్ని తిట్టాలన్నా కుదరదు. ఇంత తూకంలోనే అమ్మాలనే నిబంధనను 2021 సవరణలో తీసేసి, దాని బదులు గ్రాముకి ధరెంతో ముద్రించమన్నారు. ముద్రిస్తారు, కవరు మడత కింద, చీమతలకాయంత అక్షరాల్లో.

లెక్క చూడండి. 850 గ్రాములది 150 రూపాయలు, 910 గ్రాములది 158 అనుకుందాం. ఎనిమిది మిగిలాయని సంబరం. కానీ 150ని 850తో భాగించి 910తో గుణిస్తే 160 దాటుతుంది. చవకనుకున్నదే ఖరీదు. ఫోన్‌లో పది సెకన్ల పని, కాకపోతే వెనక క్యూలో వాళ్లు గుర్రుగా చూస్తారు.

అసలు దెబ్బ ఆవకాయ రోజుల్లో. ఐదు లీటర్లు కావాలని ఐదు ప్యాకెట్లు తెస్తే 300 గ్రాములు తక్కువ. మూడోనాడు కలిపేటప్పటికి ముక్కల పైన నూనె తేలదు, తేలకపోతే బూజు. అప్పుడు తిట్లన్నీ కారానికి, పాపం గుంటూరు మిరపకాయకి! లీటరని అడక్కండి, "910 గ్రాములది" అనండి. కొట్టువాడు ఎగాదిగా చూస్తాడు, చూడనివ్వండి.