గోడ బూజుకి బూజుకర్ర చాలదు

మన భాషలో ఒక చిక్కుంది. మూలల్లో వేలాడే సాలెగూడూ బూజే, ఊరగాయ మీద తెల్లగా కట్టేదీ బూజే, బెంగళూరు వానాకాలంలో బీరువా వెనక గోడకి నల్లగా పట్టేదీ బూజే. మొదటిదాన్ని పండక్కి ముందు బూజుకర్రతో దులిపేస్తాం. ఆ అలవాటు కొద్దీ మూడోదాన్నీ దులుపుతాం. అప్పుడు దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి సన్నటి రేణువులు, గదంతా ఎగిరి మన ముక్కుల్లోకే వస్తాయి.

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మేం అద్దెకున్న ఇంట్లో నేను చేసిందీ అదే. పక్కింటి గోడకీ మా గోడకీ మధ్య చెయ్యి పట్టే సందు లేదు. ఎండ తగలదు. వానలు మొదలైతే కిటికీలు మూసేసి, బట్టలు కూడా గదిలోనే ఆరేసేవాళ్ళం. పిల్లాడికి రాత్రంతా దగ్గు. "ఇంట్లో చెమ్మ ఉందా?" అని డాక్టరుగారు అడిగేదాకా బీరువా జరిపి చూడాలని తట్టలేదు. చూస్తే మంచమంత మచ్చ.

ఓనరు చెడ్డవాడేం కాదు. ఫోన్ చేసిన మర్నాడే పెయింటర్‌ని పంపాడు. పుట్టీ, ప్రైమరు, రెండు కోట్లు. మూడు నెలలకి పెయింటు పొక్కులు లేచి మళ్ళీ నలుపు. మళ్ళీ పెయింటరు. ఆ నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయని ఓనరూ అడగలేదు, నేనూ అడగలేదు. చివరికి ఒక ప్లంబరు గోడకి పాలిథీన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో అంటించి రెండ్రోజులు వదిలేశాడు. చెమ్మ కవరు లోపలివైపు చేరింది, అంటే గోడలోంచే వస్తోంది. బయటివైపు చేరి ఉంటే గదిలో గాలిదే తప్పు. పై ఇంటి బాత్‌రూమ్‌లో నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్ళు పోయే జాలీ కింది గొట్టం, కారుతోందని అప్పుడు తేలింది.

అందుకే అంటున్నాను, నీళ్ళు ఆగకముందు బూజు తీయించడానికి రూపాయి ఖర్చుపెట్టినా దండగే.

అలాగని వాట్సాప్ భయాలు వద్దు. నల్లగా ఉన్నదల్లా విషం కాదు, రంగు చూసి ప్రమాదం చెప్పలేం. ఏ రకం బూజో తేల్చే టెస్టులకి డబ్బు పోయడం కూడా మామూలుగా అనవసరం, ఏదైనా తీసేయాల్సిందే కదా. చెమ్మ ఇళ్ళకీ ఆస్తమా, శ్వాస ఇబ్బందులకీ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఆస్తమా ఉన్నవాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు శుభ్రం చేసే పనికి అసలు దిగకూడదు.

మిగతావాళ్ళకి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ఒకటుంది. మచ్చ 10 చదరపు అడుగుల లోపు, అంటే ఇంచుమించు మూడడుగుల చదరం అయితే ఎన్95 మాస్కు, గ్లౌజులు, కళ్ళని పూర్తిగా మూసే గాగుల్స్ పెట్టుకుని సబ్బునీళ్ళతో మనమే తుడుచుకోవచ్చు. తుడిచాక గోడ పూర్తిగా ఆరాలి. అంతకు మించితే, లేదా మురుగునీరు చేరి ఉంటే, పని తెలిసినవాళ్ళనే పిలవాలి.

డీప్ క్లీనింగ్, పెస్ట్ కంట్రోల్, వాటర్‌ప్రూఫింగ్, ఎవరిని అడిగినా "మేం చేస్తాం సార్" అనే అంటారు. అడ్వాన్సు ఇచ్చేముందు మీరే నాలుగు ముక్కలు అడగండి. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూపిస్తారా? పని జరిగేటప్పుడు గుమ్మానికి ప్లాస్టిక్ షీటు కడతారా? నానిపోయిన ప్లైవుడ్ తీసేస్తారా? "స్ప్రే కొడితే గంటలో అయిపోతుంది" అన్నవాళ్ళకి ఓ నమస్కారం పెట్టి పంపేయండి. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెస్తుంది.

ఖర్చు ఎవరిదంటారా? పై ఇంటి నీళ్ళు కారితే అది అద్దెకున్నవాళ్ళ నెత్తిన పడకూడదని నా అభిప్రాయం. కానీ ఇది ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో డిపాజిట్‌లోంచి నెల అద్దె కోసుకునే ఊరు. చేరిన రోజే గోడలన్నీ ఫొటోలు తీసి ఓనరుకి పంపించండి. మేం తీయలేదు. ఆయన రెండుసార్లు వేయించిన ఆ గోడ పెయింటు డబ్బులు మా డిపాజిట్‌లోంచే పోయాయి.