పరిహారం రూ.10 వేలంటారు... చేతికొచ్చేది ఎంత?

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు వేల సంఖ్యలో రద్దయ్యాయి. మిగతా సంస్థల టికెట్లు ఒక్కసారిగా కొండెక్కాయి. దాంతో డిసెంబరు 6న పౌర విమానయాన శాఖ చార్జీలకు కళ్లెం వేసింది: 500 కిలోమీటర్ల వరకు రూ.7,500, వెయ్యి వరకు రూ.12,000, పదిహేను వందల వరకు రూ.15,000, ఆపైన రూ.18,000. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్‌నాయుడు మంత్రిగా ఉన్న శాఖ అది. ఆ ఉత్తర్వుకు వచ్చినంత ప్రచారం అందులోని షరతుకు రాలేదు. ఈ పరిమితుల్లో విమానాశ్రయాలు వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు (యూడీఎఫ్), ప్యాసింజర్ సర్వీస్ ఫీజు, పన్నులు కలవలేదు. అవన్నీ అదనం. హైదరాబాద్‌ నుంచి ఢిల్లీ వెళ్లాలంటే రూ.15 వేల పరిమితి వర్తించింది కానీ, జేబులోంచి పోయింది అంతకంటే ఎక్కువే.

మన దేశంలో విమాన ప్రయాణికుడి రక్షణ మొత్తం ఇలాగే ఉంది. టికెట్‌కు ఎంత కట్టామన్నది కాదు, కట్టినదాన్ని ఏ పద్దు కింద రాశారన్నదే ప్రయాణికుడి హక్కును తేలుస్తోంది.

సర్వీసు రద్దయితే ఇచ్చే పరిహారాన్నే చూద్దాం. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో 2016 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన లెక్క ఇది: గంటలోపు ప్రయాణానికి రూ.5,000, రెండు గంటల వరకు రూ.7,500, అంతకు మించితే రూ.10,000. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ ‘ఆ మొత్తం, లేదా పన్నులు, రుసుములు పోను మిగిలే ఒకవైపు బేస్ ఫేర్‌కు ఇంధన చార్జీ కలిపితే వచ్చే మొత్తం, రెండింటిలో ఏది తక్కువైతే అది’ అన్నారు. ఢిల్లీ టికెట్‌కు రూ.6,500 కట్టారనుకుందాం. అందులో బేస్ ఫేర్, ఇంధన చార్జీ కలిపి రూ.4,800, విమానాశ్రయ రుసుములు, జీఎస్టీ రూ.1,000, సీటు ఎంపిక, కన్వీనియెన్స్ ఫీజు రూ.700. సర్వీసు రద్దయిందని ఆఖరి నిమిషంలో చెబితే టికెట్ డబ్బులు కాక వచ్చే పరిహారం పదివేలు కాదు, రూ.4,800. ఆ రోజే వేరే సంస్థలో డిసెంబరు నాటి గరిష్ఠ ధరకు టికెట్ కొంటే, పన్నులు కాకుండానే రూ.15 వేలు. రెండూ కలిపి తిరిగొచ్చిన పదకొండు వేల చిల్లర అందుకు చాలదు. టికెట్ ఎంత చౌకైతే పరిహారం అంత పలచన. సంస్థలు పోటీపడి బేస్ ఫేర్ తగ్గించి, ఆ లోటును సీట్లు, బ్యాగేజీ, ఫీజుల మీద రాబట్టుకుంటున్న రోజుల్లో ఈ సూత్రం ఎవరికి లాభమో వేరే చెప్పక్కర్లేదు.

విచిత్రమేమిటంటే, సీట్లకు మించి టికెట్లు అమ్మి విమానం ఎక్కనివ్వకపోతే శిక్ష గట్టిగానే ఉంది. గంటలోపు వేరే విమానంలో పంపితే ఏమీ ఇవ్వక్కర్లేదు. 24 గంటల్లోపు పంపితే బేస్ ఫేర్, ఇంధన చార్జీల మొత్తానికి రెండింతలు, గరిష్ఠంగా రూ.10,000, అంతకన్నా ఆలస్యమైతే నాలుగింతలు, గరిష్ఠంగా రూ.20,000. అంటే మన ఉదాహరణలో ఒక్కరిని దించేస్తే రూ.9,600 నుంచి రూ.19,200 దాకా ఇవ్వాలి. విమానం మొత్తాన్నే రద్దు చేస్తే తలకు రూ.4,800 చాలు!

యూరప్‌లో లెక్క వేరు. టికెట్ ధరతో నిమిత్తం లేకుండా దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో పారిస్‌లోనో విమానం ఎక్కి హైదరాబాద్ వచ్చే మన విద్యార్థికీ అది వర్తిస్తుంది, సంస్థ భారతీయమైనా సరే.

ఆ కాస్త పరిహారమూ అందకుండా పోయే దారులు రెండు. మొదటిది, వాతావరణం, విమానాల రాకపోకల నియంత్రణ (ఏటీసీ), భద్రత వంటి సంస్థ చేతిలో లేని కారణాలు. వీటికి పరిహారం లేదు. సంస్థలు మాత్రం ‘ఆపరేషనల్ కారణాలు’ అని ఒక్క ముక్కలో ఎస్సెమ్మెస్ పంపి ఊరుకుంటాయి. అసలు కారణమేమిటో కౌంటర్‌లోనే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. రెండోది, ప్రయాణికుడు సరైన ఫోన్ నంబరు ఇవ్వకపోతే పరిహారం ఇవ్వక్కర్లేదన్న నిబంధన. ఏజెంటు దగ్గర బుక్ చేస్తే పీఎన్ఆర్‌లో చాలాసార్లు ఏజెంటు నంబరే ఉంటుంది. బుక్ చేసిన రోజే సంస్థ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్ తెరిచి సొంత నంబరు, మెయిల్ చేర్చుకోవాలి.

మనమే టికెట్ రద్దు చేసుకుంటే కోత బేస్ ఫేర్, ఇంధన చార్జీల మొత్తాన్ని మించకూడదు. కాబట్టి ప్రమోషన్ ఆఫర్‌లో కొన్నా, అసలు విమానాశ్రయానికే వెళ్లకపోయినా యూడీఎఫ్, భద్రతా రుసుము తిరిగివ్వాల్సిందే. రీఫండ్ ఇచ్చినందుకు వేరే చార్జీ వసూలు చేయకూడదు. డబ్బుకు బదులు క్రెడిట్ షెల్ (అదే సంస్థలో తర్వాతి టికెట్‌కు వాడుకునే జమ) తీసుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం. ప్రయాణం వారం తర్వాత ఉంటే, బుక్ చేసిన 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకునే వీలు 2025 నాటికే నిబంధనల్లో ఉండేది. 2025 నవంబరులో డీజీసీఏ విడుదల చేసిన ముసాయిదా దాన్ని 48 గంటలకు పెంచాలంది. మంచిదే, కానీ అప్పటికే ఉన్న 24 గంటల సంగతే ఎందరికి తెలుసు? ఆ బటన్ ఎక్కడుందో వెతుక్కునేసరికే గడువు కరిగిపోయేది.

చార్జీల మీద నిఘా సంగతి మరీ బలహీనం. 1994లో ధరల నిర్ణయం సంస్థల చేతికి వెళ్లింది. డీజీసీఏ విభాగం ఒకటి ఎంపిక చేసిన మార్గాల్లో ధరలను గమనిస్తుంది. అది చూసేది, సంస్థ తన వెబ్‌సైట్‌లో తానే ప్రకటించుకున్న పరిధిని దాటిందా లేదా అని. గరిష్ఠ ధరను రాసుకునేది సంస్థే అయినప్పుడు గీత దాటాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది? అలాగని శాశ్వత పరిమితీ మందు కాదు. సంక్రాంతి ముందు హైదరాబాద్‌ నుంచి రాజమండ్రికి నిండుగా వెళ్లే విమానం తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తుంది. ఆ ఖర్చు వెళ్లేటప్పటి టికెట్‌లోనే పడుతుంది. పరిమితి పెడితే అదనపు సర్వీసే ఉండదు. కావాల్సింది రెండు మార్పులు: మొదటి తెరమీదే పన్నులు, ఫీజులతో కలిపిన తుది ధర; పరిహారానికి బేస్ ఫేర్ కాక కట్టిన మొత్తం కొలమానం. చివర్లో చార్జీలు కలపడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాలు మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చాయి కాబట్టి మొదటిదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

ఫిర్యాదు చేయాలంటే ముందు సంస్థ నోడల్ అధికారికి, తర్వాత అప్పిలేట్ అధికారికి, అప్పటికీ తేలకపోతే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లో. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం విమానం ఎక్కిన ఊళ్లో కాదు, సొంత జిల్లాలోనే కేసు వేయొచ్చు. టికెట్ విలువ రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. టికెట్‌తోపాటు పద్దులవారీగా ధర చూపే ఇన్వాయిస్‌ను బుక్ చేసిన రోజే దాచుకోండి. అందులో బేస్ ఫేర్ గడి ఖాళీగా ఉండి, మొత్తం మాత్రమే కనిపిస్తే, పూర్తి వివరం పంపమని సంస్థకు అప్పుడే మెయిల్ పెట్టండి.