మహారాజశ్రీ వెయిట్ మెషిన్ గారికి

మహారాజశ్రీ వెయిట్ మెషిన్ గారికి, బాత్రూం తలుపు పక్కన గోడకి ఆనుకుని నివాసం ఉంటున్న వారికి, ఆ ఇంటి పిల్ల పిన్ని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే కానీ, ఈ ఏడాదిన్నరలో ఆ ఇంట్లో కుశలంగా ఉన్నది నువ్వొక్కదానివే. కాబట్టి గారూ, మీరూ ఇక్కడితో సరి.

మా చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో మీ తాత ఉండేవాడు. నిలువెత్తు మనిషి, గుండెల్లో రంగుల చక్రాలు, చుట్టూ మిణుకుమిణుకుమనే లైట్లు. రూపాయి వేస్తే గిర్రున తిరిగి, టప్పున ఒక అట్టముక్క ఉమ్మేవాడు. ఒకవైపు బరువు, ఒకవైపు జోస్యం. మేం జోస్యం పైకి చదువుకుని నవ్వుకుని, అట్టమీద హీరోయిన్ బొమ్మ ఉంటే పుస్తకంలో దాచుకునేవాళ్ళం, బరువు సంగతి రైలెక్కేలోగా మరిచిపోయేవాళ్ళం. నువ్వు ఆ జోస్యం అచ్చేయడం మానేశావు. దాంతో వచ్చిన చిక్కేంటంటే ఇప్పుడు పిల్లలు నీ అంకెనే జోస్యంలా చదువుతున్నారు.

మా అక్క కూతురు ఇంటర్ చదువుతూ దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చింది. ఎవరిదో గృహప్రవేశంలో ఒకావిడ "ఏమేవ్, హాస్టల్ తిండి బాగా వంటబట్టినట్టుందే" అంది (ఆవిడ అప్పటికి పులిహోర రెండోసారి వడ్డించుకుంటోంది, అది వేరే విషయం). ఆ సాయంత్రం పిల్ల నీ మీద ఎక్కింది. మర్నాడు పొద్దున్నా రాత్రీ, ఆ తర్వాత మంచినీళ్ళు తాగకముందూ తాగాకా కూడా. పప్పు పోయింది, పెరుగు పోయింది, "క్యాంటీన్లో తినొచ్చానమ్మా" మొదలైంది. మా అక్క దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పిపోసింది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలైతే "భలే సన్నబడ్డావే, ఏం చేశావో మాకూ చెప్పవే" అని అడిగారు. జబ్బుకి ఇన్ని కాంప్లిమెంట్లు రావడం నేను వేరే ఎక్కడా చూడలేదు.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడా నీ చుట్టమే కూర్చుని ఉంది. ఎత్తు, బరువు, ఒక భాగహారం, "నార్మల్ రేంజ్‌లోనే ఉందండీ, టెన్షన్ పడకండి." జుట్టు ఊడుతోంది, కళ్ళు తిరుగుతున్నాయి, కంచం చూస్తే ఏడుస్తోంది అని మా అక్క చెప్తూనే ఉంది, అవేవీ కాలిక్యులేటర్లో పట్టవు కదా.

ఆ భాగహారం ఎవరిదో ఇంటికొచ్చి వెతికాను. 1830ల్లో బెల్జియం గణితజ్ఞుడు అడోల్ఫ్ కెట్లే జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చడానికి వేసిన లెక్క. ఎదురుగా ఏడుస్తూ కూర్చున్న ఒక్క పిల్ల కోసం వేసింది కాదు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ (బీఎంఐ) అని 1972లో పేరు పెట్టినవాడు అమెరికాలో ఆన్సెల్ కీస్. తమాషా ఏంటంటే ఆకలి మనసుని ఏం చేస్తుందో దగ్గరుండి చూసినవాడూ ఆయనే. 1944-45లో మిన్నెసోటా యూనివర్సిటీలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, యుద్ధానికి వెళ్ళబోమని చెప్పి దానికి బదులు ఈ ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్ళు, ఆరు నెలలు అరకడుపుతో ఉన్నారు. అంతకుముందు ఏ బెంగా లేని మగాళ్ళు వంటల పుస్తకాలు పోగేసుకోవడం, చిటికెడు తిండిని గంటలకొద్దీ కెలుకుతూ కూర్చోవడం, నలుగురిలోకీ రాకపోవడం, చీటికీమాటికీ చిరాకుపడటం మొదలుపెట్టారు. మా పిల్ల కూడా ఒక్క ఇడ్లీని నలభై నిమిషాలు తినేది, రాత్రంతా ఫోన్లో వంటల వీడియోలు చూసేది. అది పొగరని మా బావగారు, కాలేజీలో ఎవడో ఉన్నాడని మా అత్తయ్య.

ఇంగ్లండులో వైద్యులకి దారి చూపే నైస్ అనే సంస్థ 2017లో స్పష్టంగా రాసింది, బీఎంఐ లాంటి ఒక్క కొలతని పట్టుకుని చికిత్స ఇవ్వాలా వద్దా అని తేల్చొద్దని. రాశాక కూడా అక్కడ హోప్ వర్గో అనే ఆవిడ "ఇంకా సరిపడా సన్నబడలేదు" అనే మాట మీద పెద్ద ఉద్యమమే నడపాల్సి వచ్చింది. దాని పేరు డంప్ ద స్కేల్స్, అంటే నిన్ను చెత్తకుండీలో వేయమనే. ఆ పేరు చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. నిన్ను తీసుకుని మేడ మీదికి కూడా వెళ్ళాను, కింద పార్క్ చేసిన కారు మాది కాదని ఆగాను.

ఆగడం మంచిదైంది. రెండో ఊళ్ళో దొరికిన సైకాలజిస్ట్ గారు నిన్ను పారేయొద్దన్నారు. నీకు ఉద్యోగం ఉందట. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టొఫర్ ఫెయిర్‌బర్న్ తయారుచేసిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో (ఆలోచననీ అలవాటునీ కలిపి మార్చే మాటల వైద్యం), మామూలుగా 20 వారాలు 20 సెషన్లు, బరువు వారానికి ఒక్కసారే చూస్తారు, అదీ థెరపిస్ట్ పక్కన ఉండగా. ఇంట్లో చూసుకోకూడదు. ఒక్క అంకెతో ఏమీ తేల్చుకోకుండా కొన్ని వారాల గీత ఎటు పోతోందో ఇద్దరూ కలిసి చూస్తారు. అంటే మా ఇంట్లో జడ్జివి, అక్కడ వారానికోసారి వచ్చి సంతకం పెట్టిపోయే గుమాస్తావి. ఈ థెరపీని కోపెన్‌హాగెన్‌లో 70 మంది బులీమియా (అదుపు లేకుండా తినేసి కక్కేసే జబ్బు) రోగుల మీద, మనసు లోతులు తవ్వే రెండేళ్ళ సైకోఎనాలిసిస్ తరహా చికిత్సతో పోల్చారు. ఆ రెండో చికిత్సని రూపొందించినవాళ్ళే ఆ పరిశోధనా చేశారు. అదుపు లేకుండా తినడం, కక్కడం పూర్తిగా మానినవాళ్ళు ఐదు నెలలకి ఫెయిర్‌బర్న్ థెరపీలో నూటికి 42, రెండో దాంట్లో 6. రెండేళ్ళకి 44, 15. తమ బిడ్డే ఓడిపోయినా 2014లో ఉన్నదున్నట్టు అచ్చేసుకున్నారు. మన దగ్గర వియ్యంకుడి వంట బాగుందని ఒప్పుకోవడానికే ప్రాణం పోతుంది.

మా పిల్ల వయసుకి ఇంకోటి నప్పుతుందన్నారు. లండన్ మాడ్స్‌లీ ఆస్పత్రిలో పుట్టిన కుటుంబ చికిత్స. ఇందులో తప్పెవరిదనే పంచాయితీ ఉండదు, పిల్ల వేరు, జబ్బు వేరు, కొన్నాళ్ళు కంచం బాధ్యత అమ్మానాన్నలది. రెండో సెషన్‌కి ఇంటి నుంచి భోజనం తెచ్చుకుని అక్కడే తినాలి, అమ్మానాన్నలు పిల్ల చేత తను తినాలనుకున్న దానికంటే ఇంకొక్క ముద్ద తినిపించాలి. ఇది విని మా అక్క, "ఇంకొక్క ముద్ద అనడం నేర్పడానికి లండన్ నుంచి రావాలా?" అంది. తీరా అక్కడ కూర్చున్నాక తెలిసింది, తిట్టకుండా, ఒట్లు పెట్టకుండా, పక్కింటి పిల్లతో పోల్చకుండా, "నీ కోసం పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర చచ్చా" అనకుండా ఒక్క ముద్ద పెట్టడం మా వంశంలో ఎవరికీ రాదని. మా బావగారు ఆ గంటలో మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లూ అప్పడం పెట్టుకుని మూసుకున్నారు.

అక్కడా సెషన్ మొదట్లో నిన్ను పిలుస్తారు, గ్రాఫ్ గీసి ఇంట్లోవాళ్ళకి చూపిస్తారు. అయినా ఆఖరి మాట నీది కాదు. షికాగో, స్టాన్‌ఫర్డ్‌లలో 12 నుంచి 18 ఏళ్ళ 121 మంది మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, పూర్తిగా కోలుకున్నారని రాయాలంటే బరువు పెరిగితే చాలదు, తిండి గురించీ ఒంటి గురించీ మనసులో తిరిగే ఆలోచనలు కూడా మామూలుకి రావాలి. చికిత్స అయిపోయిన ఏడాదికి అలా కోలుకున్నవాళ్ళు కుటుంబ చికిత్సలో నూటికి 49, పిల్లతో విడిగా చేసిన థెరపీలో 23. నలభైతొమ్మిది చూసి మా అక్క దండం పెట్టుకుంది, నేను మిగతా యాభై ఒకటి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

పెద్దవాళ్ళ అనొరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి మానేసే జబ్బు) దగ్గర పరిశోధనకి కూడా ఇంత ధీమా లేదు. న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో 56 మంది ఆడవాళ్ళ మీద రెండు పేరున్న థెరపీలు పరీక్షిస్తూ, పోలిక కోసం ఒక మామూలు చికిత్స పెట్టుకున్నారు, తిండి సంగతి చూస్తూ, మంచీచెడూ వింటూ, ధైర్యం చెప్పేది. 2005లో ఫలితాలొస్తే అదే ముందుంది! కొన్నేళ్ళకి ఆ తేడా కూడా మాసిపోయింది. ఇంత చదువుకున్నవాళ్ళు "మాకింకా తేలలేదు" అంటుంటే, మూడు సెకన్లలో తీర్పు చెప్పే నీ ధైర్యానికి ఏమనాలి?

పిల్ల ఇప్పుడు ఎలా ఉందంటే, మంచి రోజులుంటాయి, గురువారాలు మాత్రం ఎందుకో బావుండవు. మొన్న ఆదివారం ముద్దపప్పు, ఆవకాయ తనే కలుపుకుంది. ఎవరూ చూడనట్టు అందరం టీవీ వైపు తిరిగి కూర్చున్నాం, టీవీ ఆన్ చేయలేదని కాసేపటికి గానీ తట్టలేదు. "పిన్నీ, ఓవర్ చేయకండి" అంది.

నీ విషయానికొస్తే, వారంవారం చూడ్డానికి సైకాలజిస్ట్ గారి దగ్గర వేరే మెషిన్ ఉంది కాబట్టి నిన్ను మా ఇంటికి ట్రాన్స్‌ఫర్ చేయించాను. వచ్చే నెల మావాడు డల్లాస్ వెళ్తున్నాడు. రెండు సూట్‌కేసులు, ఒక్కోటీ 23 కిలోలు దాటకూడదు. నువ్వు ఎంతంటే అంత, ఎదురు చెప్పను. దాటితే జీన్స్ తీసేస్తాం గానీ ఆవకాయ జోలికి రాకు.

ఇట్లు,
ఆ పిల్ల పిన్ని